కరక్కాయ వగరు, కలంకారీ రంగు

(అద్దకం పనివారూ జౌళి విద్యార్థులూ పాల్గొన్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు నుంచి అక్షరబద్ధం చేసినది.)

పెద్దలకు, పనివారికి, విద్యార్థులకు నమస్కారం. నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం 'రంగులిచ్చే చెట్లు'. చెట్లు అని బహువచనంలోనే ఇచ్చారు. నేను మాత్రం ఒక్క చెట్టు దగ్గరే ఆగిపోబోతున్నాను, మన్నించాలి. మోదుగ పువ్వు గురించి, ఎర్రచందనం గురించి, జాబ్రా గింజల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు; వాటి రంగు కంటికి కనిపిస్తుంది కాబట్టి చెప్పడమూ తేలిక. నేను చెప్పబోయే చెట్టు కాయను దంచి నీళ్లలో నానబెడితే వచ్చేది మురికి పసుపు నీళ్లు. ఆ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డను చూసి ఎవరూ ముచ్చటపడరు. అయినా శ్రీకాళహస్తిలో కలం పట్టేవారుగాని, పెడనలో అచ్చులు వేసేవారుగాని ఆ కాయ లేకుండా గుడ్డ మీద చెయ్యి పెట్టరు. అదే కరక్కాయ. దగ్గు వస్తే బుగ్గన పెట్టుకునే కాయ, త్రిఫలాల్లో ఒకటి. మందుగా దాని గుణాలు మీకు నాకంటే బాగా తెలుసు, ఆ వైపు నేను వెళ్లను.

ముందు చెట్టును చూద్దాం. మన తూర్పు కనుమల్లో, నల్లమలలో, శేషాచలంలో, ఆకు రాల్చే అడవులు ఉన్న చోటల్లా కరక చెట్టు ఉంటుంది. ఉత్తరాన హిమాలయాల పాదాల దాకా కనిపిస్తుంది. బాగా ఎదిగితే పాతిక మీటర్ల ఎత్తు పోతుంది. ఆకు తొడిమ మీద, ఆకు మొదలయ్యే చోట రెండు చిన్న గ్రంథులు ఉంటాయి; అడవిలో గుర్తుపట్టడానికి అది మంచి ఆనవాలు. పూత వేసవిలో వస్తుంది, దాని వాసన మాత్రం ఎవరికీ నచ్చదు. కాయ ఎండాక ఐదు కోణాలు తేలుతుంది. మనకు కావలసిన సరుకు గింజలో లేదు, గింజ చుట్టూ ఉన్న కండలో ఉంది. ఎండిన కాయ బరువులో దాదాపు మూడో వంతు టానిన్లే ఉంటాయి. టానిన్ అంటే ఏమిటని విద్యార్థులు అడుగుతారు. నాలుక మీద కరక్కాయ ముక్క పెట్టుకోండి, నోరంతా పట్టేసినట్టు అవుతుంది. ఆ వగరే టానిన్. లాలాజలంలోని ప్రొటీన్లను అది పట్టి గడ్డకట్టిస్తుంది కాబట్టి నోరు ఎండినట్టు అనిపిస్తుంది. పట్టుకోవడం దాని స్వభావం. ఈ మాట గుర్తుంచుకోండి, మిగతా ప్రసంగమంతా దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఉన్నికి, పట్టుకు రంగు వేయడం ప్రపంచంలో చాలా జాతులకు వచ్చు. నూలుకు, ఉతికినా వెలవని రంగు వేయడం చాలా కాలం కొద్దిమందికే వచ్చింది. ఎందుకని? ఉన్ని, పట్టు ప్రొటీన్లు. పటికను నీళ్లలో కరిగించి ఉన్నిని ముంచితే అల్యూమినియం దానికి అంటుకుంటుంది, ఆ అల్యూమినియానికి రంగు అంటుకుంటుంది. నూలు ప్రొటీన్ కాదు, సెల్యులోజు అనే మొక్కల పీచు పదార్థం. పటిక నీళ్లలో ముంచిన నూలు గుడ్డను నీటిలో జాడిస్తే పటికలో ఎక్కువ భాగం నీటితోనే వెళ్లిపోతుంది. పటికే నిలవని చోట రంగు ఎలా నిలుస్తుంది? ఇక్కడే కరక్కాయ వస్తుంది. టానిన్ అణువు పెద్దది, దాని ఒంటి నిండా పట్టుకునే చేతులే. కొన్ని చేతులతో నూలుపోగును పట్టుకుంటుంది, మిగిలిన వాటితో అల్యూమినియాన్నో ఇనుమునో పట్టుకుంటుంది. పెళ్లిళ్ల పేరయ్య లాంటిది అనుకోండి, కాకపోతే పేరయ్య పెళ్లి చేసి తన దారిన పోతాడు, ఇది ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. రసాయనశాస్త్రం చదివేవారి కోసం చెబుతున్నాను: కరక్కాయలో ముఖ్యమైనవి చెబులాజిక్, చెబులినిక్ ఆమ్లాలు. రెండూ గ్లూకోజు చుట్టూ అల్లుకున్న అణువులు, నీటితో విడిపోయే తరగతి టానిన్లు. మిగతావారు ఈ పేర్లు మరిచిపోయినా నష్టం లేదు.

కలంకారీ పనివారు ఈ సంగతి అణువుల పేర్లు తెలిసి చేయలేదు. చేసి, చూసి, తెలుసుకున్నారు. శ్రీకాళహస్తి పద్ధతి చూడండి. కోరా గుడ్డను ముందు పేడ నీటిలో నానబెట్టి, ఉతికి, గంజి వదిలిస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన నీటిలో గేదె పాలు పోసి, అందులో గుడ్డను తడిపి, పిండి, ఎండలో ఆరేస్తారు. పాలు ఎందుకు? పాలలోని కొవ్వు నూలుపోగుల మధ్య చేరి, కలంతో గీసిన గీత పాకిపోకుండా ఆపుతుంది. గేదె పాలే ఎందుకంటే కొవ్వు ఎక్కువ కాబట్టి. ఆరేయడంలోనూ పద్ధతి ఉంది: ఒక భాగం నీడలో, ఒక భాగం ఎండలో ఆరితే పసుపు మచ్చలు మచ్చలుగా వస్తుంది, ఆ మచ్చలు చివరి దాకా వెంటాడతాయి. కరక్కాయ నీళ్లు నిలవ ఉంచితే బూజు పడతాయి, ఏ రోజువి ఆ రోజే వాడుకోవాలి. పుస్తకంలో ఒక వాక్యంగా కనిపించే ఈ మొదటి దశలో పని చెడితే, తర్వాత ఎంత గొప్ప చేయి పట్టుకున్న కలమైనా దాన్ని సరిచేయలేదు.

వెనక వరుసలో ఉన్నవారికి ఈ బల్ల కనిపిస్తోందా? ఇక్కడ రెండు గుడ్డ ముక్కలున్నాయి. ఒకటి మామూలు నూలు, ఒకటి కరక్కాయ పెట్టినది. ఈ గిన్నెలో ఉన్నది కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి, మూత కట్టి, రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చేది ఇదే. బెల్లం పులిసి పుల్లటి ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. చూడండి, ఈ నీరు నల్లగా లేదు, లేత గోధుమ రంగులో ఉంది. మామూలు గుడ్డ మీద ఒక గీత గీస్తున్నాను. పల్చటి తుప్పు మరక, అంతే. ఇప్పుడు అదే కలంతో కరక్కాయ గుడ్డ మీద గీస్తున్నాను. గీస్తుండగానే నలుపెక్కుతోంది, చూస్తున్నారు కదా. ఈ నలుపు కలంలో ఉందా? గిన్నెలో ఉందా? లేదు. గుడ్డలో ఉన్న టానిన్, కలంలోంచి దిగిన ఇనుము కలిసిన క్షణాన పుట్టింది. గాలి తగిలే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నీటిలో కరగని పదార్థం పోగు లోపలే తయారైంది కాబట్టి ఉతికితే పోదు. గుడ్డ మీద రంగు పూయడానికీ, గుడ్డలో రంగు పుట్టించడానికీ ఉన్న తేడా ఇదే. అందుకే కలంకారీని చిత్రలేఖనం అని మాత్రమే అంటే సగమే చెప్పినట్టు అని నా అభిప్రాయం.

ఎరుపు ఇంకా చిత్రమైనది. ఎర్రగా కావలసిన చోట పనివాడు ఎర్ర రంగు వేయడు, పటిక నీరు వేస్తాడు. అది దాదాపు కనిపించదు. ఎక్కడ వేశాడో తెలియడానికి అందులో ఏదో ఒక కొండగుర్తు రంగు కలుపుకుంటాడు. తర్వాత గుడ్డను పారే నీటిలో జాడించి, అంటుకోని పటికను వదిలిస్తారు. శ్రీకాళహస్తికి స్వర్ణముఖి, పెడన, మచిలీపట్నం ప్రాంతానికి కృష్ణ కాలువలు ఇందుకే ముఖ్యం. ఆ తర్వాత గుడ్డ మొత్తాన్ని ఎర్ర వేరు వేసిన కాగులో ఉడికిస్తారు. పూర్వం అది చిరివేరు, సముద్ర తీరపు ఇసుక నేలల్లో దొరికేది. ఇప్పుడు మంజిష్ఠ కూడా వాడుతున్నారు. గుడ్డంతా ఒకే కాగులో ఉడుకుతుంది, కాని పటిక ఉన్న చోటే ఎరుపు నిలుస్తుంది. ఏమీ లేని చోట అంటీ అంటనట్టు పట్టిన రంగు పేడ నీటికి, ఎండకు, ఉతుకుకు పోతుంది. దానితో పాటు కరక్కాయ వేసిన తొలి పసుపు కూడా చాలావరకు వెలిసిపోతుంది. గమనించండి, లోహం ఉన్న చోట కరక్కాయ ఉండిపోయింది, లేని చోట తప్పుకుంది. నేల తెల్లబడింది, బొమ్మ మిగిలింది.

చిరివేరు ఎరుపులో అసలు రంగునిచ్చే పదార్థం అలిజరిన్. దాన్ని 1869లో జర్మనీలో గ్రేబే, లీబర్మాన్ అనే శాస్త్రవేత్తలు కృత్రిమంగా తయారు చేశారు. ఆ తర్వాత వేళ్లు తవ్వే పని ఎక్కడికక్కడ పడిపోయింది. మన దగ్గర కూడా అచ్చు అద్దకంలో అలిజరిన్ పొడి వచ్చింది, ఇప్పటికీ ఉంది. వేరు పోయి పొడి వచ్చిన చోట కూడా కరక్కాయ పోలేదు. ఎందుకు పోలేదు? పొడి రంగునిస్తుంది గాని రంగు కూర్చునే పీటను ఇవ్వదు. ఇది నా దృష్టిలో చాలా పెద్ద సాక్ష్యం. ప్రకృతి రంగు, రసాయన రంగు అని మనం గీసే గీతకు ఇటు వైపూ అటు వైపూ కూడా కరక్కాయ అవసరమే అయింది. గుజరాత్‌లోని కచ్‌లో అజ్రక్ అనే అచ్చు అద్దకం వేసేవారూ గుడ్డను మొదట కరక్కాయలోనే తడుపుతారు.

ఇంతవరకు కరక్కాయను పటికకు, ఇనుముకు తోడుగానే చెప్పాను. దానికి సొంత రంగు లేదా? ఉంది. పటికతో కలిస్తే మంచి పసుపునిస్తుంది. బొమ్మలో నగలకు, అంచులకు వేసే పసుపు 'కరకపువ్వు' ఉడికించిన కషాయంలో పటిక వేసి తయారు చేస్తారు. కొట్టులో కరకపువ్వు అని కట్టి ఇచ్చేది చాలాసార్లు పువ్వు కాదు. లేత ఆకును పురుగు పొడిచి గుడ్లు పెట్టినప్పుడు ఆ చోట ఆకు ఉబ్బి, బోలుగా, వంకర టింకరగా ఎండిన బుడిపె అది. చెట్టు తనను తాను కాపాడుకోవడానికి అక్కడికి టానిన్లను తోలుతుంది, కాబట్టి అందులో వగరు దండిగా ఉంటుంది. సామర్లకోటలో 1781 నుంచి పనిచేసిన స్కాట్లాండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఈ బుడిపెలను శ్రద్ధగా గమనించాడు. కోరమండల్ తీరపు, అంటే మన తూర్పు తీరపు అద్దకం పనివారికి అన్నిటికంటే బాగా నిలిచే పసుపు వీటి నుంచే వస్తుందని, సిరాకు కూడా ఇవి పనికొస్తాయని రాశాడు. ఆ పసుపును నీలి మీద వేస్తే ఆకుపచ్చ. పాత గుడ్డల్లో ఆకులు నీలంగా కనిపిస్తే పైన వేసిన పసుపు ఎండకు వెలిసిందని అర్థం. పసుపులన్నిటిలో ఇది గట్టిదే అయినా ఎరుపుతో, నలుపుతో పోటీ పడలేదు.

ఈ గుడ్డల కోసమే కదా పూర్వం ఐరోపా వర్తకులు మన తీరానికి వచ్చింది. 1686లో ఫ్రాన్సు వీటిని నిషేధించింది, 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండు 1721లో చట్టం చేసి అద్దకం నూలు బట్టలు కట్టుకోవడమే నేరమంది. గుడ్డలను ఆపారు గాని పద్ధతి నేర్చుకోవాలన్న కోరికను ఆపలేదు. 1734లో బోలియు అనే ఫ్రెంచి నావికాధికారి పుదుచ్చేరిలో పనివారి పక్కన కూర్చుని, ఒక్కొక్క దశ పూర్తికాగానే ఒక్కొక్క ముక్క కత్తిరించి పంపాడు. 1742లో కేర్దూ అనే, జెసూట్ క్రైస్తవ సంఘానికి చెందిన పాద్రీ ఇంకా వివరంగా ఉత్తరం రాశాడు. ఈ కేర్దూ మనకు పరాయివాడు కాదు, తెలుగు నేర్చి తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చినవాడు. క్రైస్తవులైన అద్దకం పనివారిని అడిగి తెలుసుకుని, కరక్కాయను తమిళ పేరుతో 'కదూ' అని రాసి, గేదె పాలతో కలిపి గుడ్డ తడపడం దగ్గర మొదలుపెట్టాడు. ఈ రోజుల్లో అయితే దీన్ని వేరే పేరుతో పిలుస్తాం. పనివాడి నోట ఉన్న విద్య కాగితం మీదికి ఎక్కి ఓడలో వెళ్లిపోయింది. కాని ఆ కాగితమే లేకపోతే, ఆనాటి పని దశల వారీగా ఎలా జరిగేదో ఇంత స్పష్టంగా మనకు తెలిసేది కాదని కూడా ఒప్పుకోవాలి.

పంతొమ్మిదో శతాబ్దంలో కరక్కాయ గుడ్డతో పాటు తోలు వెంట కూడా వెళ్లింది. ఇంగ్లండు తోలు శుద్ధి కర్మాగారాలకు ఓడల నిండా పోయేది. విశాఖ జిల్లావారు ఎవరైనా ఉన్నారా? ఆ వ్యాపారంలో కరక్కాయ రకాలను పంపిన ఊళ్లను బట్టి పిలిచేవారు: జబ్బల్‌పూర్లు, రాజ్‌పూర్లు, వింగోర్లాలు, వాటితో పాటు 'భీమిలీలు'. మన భీమునిపట్నం రేవు పేరు బస్తాల మీద 'బి' అనే అక్షరమై లండన్ బజారు దాకా నడిచింది. మద్రాసు ప్రాంతపు తోళ్లను కూడా ముందు తంగేడు చెక్కతో పదును చేసి, చివర కరక్కాయ పట్టించేవారు. క్రోమియం పద్ధతి వచ్చాక ఆ గిరాకీ తగ్గింది.

ఇక నలుపు గురించి ఒక చేదు విషయం చెప్పాలి, పొగడ్తలే చెబితే మీరు నన్ను నమ్మకూడదు. మ్యూజియంలలో రెండు, మూడు వందల ఏళ్ల కోరమండల్ గుడ్డలు చూడండి. ఎరుపు నిన్న వేసినట్టు ఉంటుంది. నల్ల గీత ఉన్న చోట మాత్రం కొన్నిటిలో గుడ్డే ఉండదు. గీత పొడవునా నూలు రాలిపోయి, కోసినట్టు సన్నని సందు మిగులుతుంది. ఎందుకు? ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో సెల్యులోజును మెల్లగా తినేలా చేస్తుంది, మిగిలిపోయిన పులుపు దానికి తోడవుతుంది. కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసిన పాత సిరా కాగితాలను తినేయడం కూడా ఇదే జబ్బు. కరక్కాయ ఇచ్చిన ఆ గట్టి నలుపే గుడ్డకు శత్రువు కూడా. దీనికి పూర్తి మందు లేదు. కసిమిని అవసరానికి మించి చిక్కగా వాడకపోవడం, గీశాక పులుపు పోయేదాకా పారే నీటిలో బాగా జాడించడం, ఇంతే మన చేతుల్లో ఉన్నది. తొందరలో ఆ జాడింపును తగ్గిస్తే కొన్న వారికి ఈ రోజు తెలియదు, వారి మనవలకు తెలుస్తుంది.

కాయ ఎక్కడి నుంచి వస్తోందో కూడా అడగాలి. మన్యంలో గిరిజనులు, నల్లమలలో చెంచులు చలికాలం చివర నుంచి ఏరి తెస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయంలో కరక్కాయ ఒకటి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఏరుకునే హక్కును గిరిజనులదని రాసింది. ఏరే పద్ధతిని బట్టి సరుకు ఉంటుంది. పురుగు తొలిచిన కాయలో కండ పోతుంది, తడి తగిలిన కాయ నల్లబడుతుంది, తానికాయ కలిస్తే వగరు తగ్గుతుంది. కొమ్మలు నరికి దులిపితే ఈ ఏడాది పని తేలికవుతుంది, వచ్చే ఏడాది కాపు పోతుంది. గింజ పెంకు చాలా గట్టిది, మొలకెత్తడం ఆలస్యం, కాబట్టి పోయిన చెట్టు స్థానంలో ఇంకొకటి త్వరగా రాదు. అద్దకం పనివారికి నాదొక విన్నపం: మంచి కాయకు మంచి ధర ఇవ్వండి, పొడిగా కాకుండా కాయగానే కొనండి. పొడిలో ఏది కలిసినా మీకు కనిపించదు.

ఇందాక ఒక అమ్మాయి చీటీ పంపింది: ఇంట్లో చేసి చూడవచ్చా అని. తప్పకుండా చూడవచ్చు. 100 గ్రాముల నూలు గుడ్డను సబ్బుతో ఉడికించి గంజి, నూనె వదిలించండి. 20 గ్రాముల కరక్కాయ పొడిని వేడి నీటిలో కలిపి, వడగట్టి, గుడ్డను కొన్ని గంటలు నానబెట్టండి. పిండి, జాడించకుండానే ఆరేయండి. జాడిస్తే పట్టింది పోతుంది, ఈ తప్పు చాలామంది చేస్తారు. ఆరాక సగం కత్తిరించి, ఆ సగాన్ని 7, 8 గ్రాముల పటిక కరిగించిన నీటిలో వేస్తే వెన్న రంగు పసుపు వస్తుంది. మిగతా సగాన్ని చిటికెడు అన్నభేది వేసిన నీటిలో ముంచితే బూడిద రంగు నుంచి నలుపు దాకా మీ కళ్ల ముందే మారుతుంది. అన్నభేది చిటికెడే, ఎక్కువ వేయకండి, కారణం చెప్పాను. రెండింటికీ ఒకే గిన్నె వాడకండి, ఇనుము ఏమాత్రం అంటినా పసుపు మాసిపోతుంది. వంటకు వాడే గిన్నెలు అసలే వద్దు. ఆరిన నల్ల గుడ్డ మీద నిమ్మరసం గాని చింతపండు పులుసు గాని పడనివ్వకండి. పులుపు ఇనుమును లాగేస్తుంది, పడిన చోట నలుపు పోయి లేత మచ్చ మిగులుతుంది.